సంతానలేమి, పర్యావరణ విషాలు: ఒక విద్యార్థి వ్యాసం ఎంతవరకు చెప్పగలదు?

సుబర్ణరేఖ, ఖర్కాయ్ నదుల సంగమం చెంత వెలసిన జంషెడ్‌పూర్ పేరెన్నికగన్న ఉక్కునగరం. 1912లో ఇక్కడ తొలి ఉక్కుదిమ్మె తయారయింది. తరువాతి కాలంలో దేశం నలుమూలల నుండి, మన ఉత్తరాంధ్ర జిల్లాల నుండి కూడ, ఎన్నో కుటుంబాలు తరలివచ్చి ఇక్కడ స్థిరపడ్డాయి. ఈ నగరంలో వైద్యమో జీవశాస్త్రమో అభ్యసించే విద్యార్థి పర్యావరణ విషాలు, సంతానసాఫల్య చికిత్స అనే అంశంపై పరిశోధన వ్యాసానికి పూనుకుంటే విషయ సేకరణకు దూరదేశాలకు పోనక్కరలేదు. అయితే అటువంటి వ్యాసాన్ని ఆరంభించడం సులభం, ముగించడమే కష్టం.

జాదుగూడ లెక్క

జంషెడ్‌పూర్‌కు చేరువలోనే జాదుగూడ ఉన్నది. మన దేశంలో యురేనియం తవ్వకం మొదలయినది ఇక్కడనే. 2007లో ఒక వైద్యుల సంస్థ గనులకు రెండున్నర కిలోమీటర్ల లోపలి గ్రామాలలోను, సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరాన ఉన్న గ్రామాలలోను ఇంటింటి సర్వే జరిపింది. వివాహమై మూడేళ్లు గడిచినా సంతానయోగం లేని దంపతులు దూరపు గ్రామాలలో నూటికి 6.27 కాగా, సమీప గ్రామాలలో 9.6 అని ఆ సర్వే తేల్చింది. వికిరణమే ఇందుకు కారణమన్న వాదాన్ని గనుల సంస్థ అంగీకరించలేదు.

విద్యార్థికి పరీక్ష ఇక్కడనే. ఒక్కమారు జరిపిన సర్వే రెండు విషయాలు పక్కపక్కన ఉన్నాయని చూపగలదే గాని, ఒకటి రెండవదానికి కారణమని రుజువు చేయజాలదు. పోషకాహార లోపం, అంటువ్యాధులు, జననాంగాలకు సోకే క్షయ కూడ సంతానలేమికి దారితీస్తాయి. తేడాను కొట్టిపారవేస్తే ఆ పల్లెల నీటిని, మట్టిని పరీక్షించే నాథుడుండడు. నిర్ధారణ కాని దానిని నిర్ధారణగా రాస్తే ఆ పల్లెల ఆడపిల్లలకు పెళ్లి సంబంధాలే రాని ప్రమాదమున్నది. బిడ్డలు లేకుంటే నింద ఆడదానిపైనే మోపే సమాజంలో ముగింపు వాక్యం కేవలం మార్కుల వ్యవహారం కాదు.

రుజువు ఎట్లుండును?

గట్టి రుజువుకు 1977 నాటి కాలిఫోర్నియా ఉదంతం చక్కని నిదర్శనం. లాత్రాప్ అనే చోట పురుగుమందుల కర్మాగారంలోని కార్మికులు తమలో చాలామందికి పిల్లలు కలగడం లేదని తామే గుర్తించారు. పరీక్షించగా డి.బి.సి.పి. అనే రసాయనాన్ని తయారుచేసినవారి వీర్యంలో శుక్రకణాలు బాగా తగ్గిపోయాయనీ, కొందరిలో అసలే లేవనీ తేలింది. ఎక్కువకాలం పనిచేసినవారికి నష్టమూ ఎక్కువే. ఆ రసాయనానికి దూరమయిన తరువాత కొందరు కోలుకున్నారు. మోతాదును బట్టి హాని పెరగడం, హేతువు తొలగితే ఫలితం తగ్గడం: కార్యకారణ సంబంధానికి ఇవి బలమైన గుర్తులు.

సంతానసాఫల్య చికిత్సాలయం పరిశోధకునికి మరొక గవాక్షం తెరిచింది. ఎన్ని అండాలు లభించినవి, ఎన్ని ఫలదీకరణ చెందినవి, పిండం గర్భాశయంలో కుదురుకొన్నదా అన్న ప్రతి దశనూ అక్కడ లెక్కించవచ్చును. బోస్టన్‌లో 2004లో ఆరంభమయిన ఒక పరిశోధనలో చికిత్స పొందుతున్న 84 మంది స్త్రీలను పరిశీలించి, ప్లాస్టిక్‌లలో వాడే బిస్ఫినాల్-ఎ మూత్రంలో అధికంగా ఉన్నవారికి తక్కువ అండాలు లభించాయని 2010లో ప్రకటించారు. అదే పరిశోధన 256 మందికి విస్తరించిన పిదప, 2015లో, ఆ సంబంధం కనిపించలేదు. మొదటి ఫలితాన్ని మాత్రమే ఉదహరించే వ్యాసం సగం సత్యమే చెప్పినట్లు.

మరొక హెచ్చరిక కూడ అవసరం. చికిత్సాలయానికి వచ్చేది ఖర్చు భరించగలవారే. గని పక్కన బతికే ఆదివాసి దంపతులలో అనేకులు ఆ గడప తొక్కలేరు. ఒకరి లెక్కను మరొకరికి అన్వయించరాదు.

కాగితాలే సాక్షి

హజారీబాగ్‌లో 1931లో జన్మించిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషి ఫలితంగా 1978 అక్టోబరు 3న కలకత్తాలో భారతదేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు జన్మించింది. ప్రభుత్వం నియమించిన సంఘం ఆయన మాట నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకొన్నారు. అంతవరకు ఆ ఘనత దక్కించుకొన్న శాస్త్రవేత్త ఆనందకుమార్, ఆయన రాసిపెట్టిన కాగితాలు చదివి, తొలి విజయం ఆయనదేనని 1997లో స్వయంగా లోకానికి చాటారు.

కనుక విద్యార్థి తన వ్యాసపు తుదిపుటలో కొలిచినది ఏది, కొలవనిది ఏది, ఊహ ఏది అన్నవి వేరువేరుగా రాయాలి. తన ఊహకు ఎదురుగా నిలిచిన ఫలితాన్ని దాచరాదు. తరువాత ఏ బావి నీటిని, ఎవరి రక్తాన్ని, ఎన్నేళ్లు పరీక్షించవలెనో సూచించాలి. అటువంటి వ్యాసం తీర్పు చెప్పకపోవచ్చును. తీర్పుకు దారి చూపుతుంది. బిడ్డ కోసం ఎదురుచూసే దంపతులకు తప్పుడు భయమూ, తప్పుడు ధైర్యమూ రెండూ అపకారమే.