పేరు బ్యాంకుది... చిరునామా దొంగది!

రాజోలు దగ్గరి లంక గ్రామానికి ఉత్తరం చేరాలంటే మనిషి పేరొక్కటే చాలదు, చిరునామా కూడా ఉండాలి. ఇంటర్నెట్‌దీ అదే పద్ధతి. మనం బ్యాంకు పేరు టైపు చేస్తాం. కంప్యూటరుకి మాత్రం అంకెల్లో ఉండే ఐపీ అడ్రసు కావాలి. ఏ పేరుకి ఏ అంకెలో రాసిపెట్టుకునే చిన్న చిట్టా ప్రతి కంప్యూటర్లోనూ ఉంటుంది. అదే హోస్ట్స్ ఫైలు!

దీనిది పాత కథే. 1970లలో, ఇంటర్నెట్‌కి మూలమైన అర్పానెట్‌లో కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. అమెరికాలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం ఆ చిట్టా బాగోగులు చూసేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ దాన్ని మోయడం కష్టమైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ అనే కొత్త పద్ధతిని రూపొందించారు. నేటి ఇంటర్నెట్ నడిచేది దానిమీదే. అయినా పాత ఫైలు పోలేదు. కంప్యూటరు సాధారణంగా ముందు దాన్నే చూస్తుంది. అందులో లేకపోతేనే బయట అడుగుతుంది.

చిక్కంతా అక్కడే!

2004లో మైడూమ్-బి అనే వైరస్ ఈ ఫైల్లో దూరి, యాంటీవైరస్ కంపెనీల పేర్లకి తప్పుడు అంకెలు రాసింది. మందు దొరికే చోటికే దారి మూసేసిందన్నమాట. ఇదే ఎత్తుతో బ్యాంకు పేరుకి నకిలీ సైటు చిరునామా తగిలించొచ్చు. అమలాపురం, కొత్తపేట, రాజోలు ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు చెమటోడ్చి పంపే డబ్బు చేరేది బ్యాంకు ఖాతాల్లోకే కదా. ఇంట్లో కంప్యూటరు మీద ఆ ఖాతా తెరిచేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

చూసుకోవడం ఎలా?

విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్ అక్షరాల్లో 'టైప్' అని కొట్టి, ఖాళీ వదిలి, 'సి:\విండోస్\సిస్టమ్32\డ్రైవర్స్\ఈటీసీ\హోస్ట్స్' అని రాసి ఎంటర్ నొక్కాలి. ఫైలు తెరపై కనిపిస్తుంది. ఇలా చూస్తే ఏమీ చెడిపోదు. '#' గుర్తుతో మొదలయ్యే వరసలు ఉత్త వివరణలే. ఆ గుర్తు లేని వరసలో మీ బ్యాంకు పేరుంటే మాత్రం అనుమానించాల్సిందే!

అప్పుడు ముందు యాంటీవైరస్‌తో కంప్యూటరంతా వెతికించాలి. తర్వాత నోట్‌ప్యాడ్‌ని అడ్మినిస్ట్రేటర్ హోదాలో తెరిచి, ఆ వరస తీసేసి సేవ్ చేయాలి. చివరగా కమాండ్ ప్రాంప్ట్‌లో 'ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్' కొడితే కంప్యూటరు గుర్తుపెట్టుకున్న పాత చిరునామాలు చెరిగిపోతాయి. ఇవి చేతకాకపోతే తెలిసినవాళ్లకి చూపించండి. అంతవరకూ అందులో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టొద్దు.

ఇంకోమాట... బ్యాంకు సైటు తెరిచినప్పుడు 'ఇది సురక్షితం కాదు' అని బ్రౌజరు హెచ్చరిస్తే, విసుక్కుని ముందుకెళ్లకండి. చిరునామా మారిపోయిందని చెప్పే మొదటి కబురు అదే కావచ్చు!