ఆ డబ్బా ఎవరిది?

బాగా నడుస్తున్న సెట్‌టాప్ బాక్సు ఉన్నట్టుండి మొరాయిస్తుంది. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే 'కొత్తది తీసుకోవాల్సిందే' అంటారు. డబ్బు కట్టేముందు ఒక్క విషయం తేల్చుకోండి... ఆ బాక్సు మీ సొంతమా, అద్దెదా?

డీటీహెచ్ బాక్సుని కొనుక్కోవచ్చు, అద్దెకూ తీసుకోవచ్చు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం, మీరు పాడుచేయనంతవరకూ అద్దె బాక్సు మరమ్మతు కంపెనీదే. కొన్న బాక్సుకైతే కనీసం ఏడాది వారంటీ ఉండాలి. ఆ తర్వాత ఖర్చు మీదే. ఇంటికొచ్చి చూసినందుకు రూ.250 మించి తీసుకోకూడదన్న పరిమితి కూడా అప్పట్లో ఉండేది. 2024 సవరణతో అది పోయింది. అందుకే టెక్నీషియన్‌ని పిలిచేముందే ఛార్జీ ఎంతో అడగాలి.

ఈ ఖర్చులకు భయపడి కొందరు ఏడాదికోసారి మెయింటెనెన్స్ ప్లాన్ కడుతుంటారు. మంచిదే. కానీ రిమోట్, అడాప్టర్, డిష్‌కుండే ఎల్ఎన్‌బీ అందులోకి వస్తాయా? పిడుగుపాటుకి కాలిపోతే ఇస్తారా? ప్లాన్ సొమ్ముని కొత్త బాక్సు ధరతో పోల్చి చూశారా? అద్దె బాక్సుకైతే అసలు ఆ ప్లాన్ అవసరమేంటో అడగండి.

బాక్సులో లైటే వెలగకపోతే తప్పు అడాప్టర్‌ది కావచ్చు. జోరువానలో బొమ్మ ఆగిపోతే అది సిగ్నల్ సమస్య, వాన తగ్గాక దానంతటదే వస్తుంది. ఉరుములు మొదలవకముందే ప్లగ్గుతోపాటు డిష్ కేబులూ పీకేయడం మేలు.

ఇంకోమాట... కంపెనీ మారితే పాత బాక్సు సాధారణంగా పనికిరాదు. కాబట్టి కొనేముందే ఆలోచించుకోండి. కొన్నారా, గ్యాసు పుస్తకం పక్కనే ఆ బిల్లునీ దాచండి. వారంటీ అడగాలంటే అదే సాక్ష్యం!