ఇల్లంతా తడిపేస్తోందా మీ కుక్కపిల్ల?

పిల్లలు ముచ్చటపడ్డారని బుజ్జి కుక్కపిల్లను తెచ్చుకున్నారు. రెండు రోజులు ఇంటిల్లిపాదికీ అదే లోకం. మూడో రోజుకల్లా హాల్లో ఒక మడుగు, మంచం కింద ఒకటి, సరిగ్గా పూజగది గుమ్మం ముందు ఇంకొకటి! అత్తగారి సణుగుడు మొదలు. 'ఎక్కడైనా వదిలేసి వస్తాను' అంటారు మీవారు. బకెట్టూ గుడ్డా పట్టుకుని తిరిగేది మాత్రం మీరే.

కాస్త ఆగండి. ఆ పసిప్రాణాన్ని వీధిపాలు చేసే ముందు ఒక్క సంగతి తెలుసుకోండి. అది మొండితనంతో చేస్తున్న పని కాదు. చంటిబిడ్డ పక్క తడిపితే కోప్పడతామా? ఇదీ అంతే. కుక్కపిల్ల పగటిపూట తన వయసు ఎన్ని నెలలో అన్ని గంటలు, మహా అయితే ఇంకో గంట ఆపుకోగలదని ఒక ఉజ్జాయింపు లెక్క. ఆటలో పడితే ఆ కాస్తా ఆగదు. కాబట్టి తిట్టి లాభం లేదు. వేళ కనిపెట్టడంలోనే ఉంది కిటుకంతా.

వేళ తప్పకండి

నిద్ర లేవగానే, తిన్న అయిదు నుంచి 30 నిమిషాల్లోపు, నీళ్ళు తాగాక, ఆడి అలిశాక, రాత్రి పడుకోబోయే ముందు తప్పకుండా బయటికి తీసుకెళ్ళండి. రెండు నెలల పిల్లయితే మధ్యలో గంట, రెండు గంటలకోసారి కూడా. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరుగుతోందంటే ఇక ఆలస్యం లేదన్నమాట! పొయ్యి మీద పోపు ఉంటే పిల్లల్ని కేకేయండి.

తిండి రోజూ ఒకే వేళకు పెడితే దొడ్డికి వెళ్ళే వేళా కుదురుకుంటుంది. నీళ్ళు మాత్రం తగ్గించకండి, ఎండాకాలంలో అసలే వద్దు.

చోటు మార్చకండి

టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో తిప్పితే పార్వో వంటి ప్రాణాంతకమైన జబ్బులు అంటుకునే ప్రమాదముంది. అందాకా పెరట్లో ఓ మూల చాలు. అపార్ట్‌మెంట్ అయితే బాల్కనీలో పాత పేపర్లు పరిచినా సరిపోతుంది. ఎప్పుడూ అదే చోటు. పని కాగానే అక్కడికక్కడే మెచ్చుకుని చిన్న చపాతీ ముక్క పెట్టండి. ఇంట్లోకి వచ్చాక పెడితే దేనికి పెట్టారో దానికి తెలియదు.

తప్పు జరిగితే?

మీ కళ్ళముందే మొదలెడితే ఒక్క చప్పట్టు కొట్టి, ఎత్తుకుని దాని చోటుకు తీసుకెళ్ళండి. అయిపోయాక చూస్తే మాట్లాడకుండా తుడిచేయండి. ముక్కు అందులో రాయడం, కొట్టడం వద్దు. అలా చేస్తే 'ఇంట్లో పోయకూడదు' అని కాదు, 'వీళ్ళ కంటపడకుండా పోయాలి' అని నేర్చుకుంటుంది. ఆ తర్వాత సోఫా వెనకాల వెతుక్కోవాల్సిందే!

ఫినాయిల్ వాసన మన ముక్కును కప్పేస్తుందేమో కానీ కుక్క ముక్కును కాదు. పాత వాసన తగిలితే మళ్ళీ అక్కడికే వస్తుంది. పైగా ఫినాయిల్ నాకితే దానికి హాని. ముందు పొడిగుడ్డతో అద్ది, నీళ్ళూ వెనిగరూ సమంగా కలిపి తుడవండి. పాలరాతి నేల మీద వెనిగర్ మచ్చపడుతుంది. అక్కడ పెంపుడు జంతువుల షాపుల్లో దొరికే ఎంజైముల క్లీనర్ వాడండి.

డాక్టరుకు ఎప్పుడు?

చుట్టాలు రాగానే ఒదిగిపోయి రెండు చుక్కలు పోస్తే బెదురో, సంబరమో అనుకోండి. ఎదిగేకొద్దీ చాలా పిల్లల్లో తగ్గుతుంది. కానీ అలవాటైన పిల్ల హఠాత్తుగా మాటిమాటికీ పోస్తున్నా, ముక్కుతూ చుక్కలుగా పోస్తున్నా, రక్తం కనిపించినా పశువుల డాక్టరుకు చూపించండి.

చివరగా ఓ చిట్కా. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే, ఇల్లు తడిసిన వేళలు కూడా వారం రోజులు రాసి చూడండి. రోజూ దాదాపు అవే వేళలు! అంటే మీరు వంటలోనో, పిల్లల్ని బడికి పంపే హడావుడిలోనో ఉండి మరిచిన వేళలు. వాటిని ఇంట్లో తలా ఒకటి పంచుకోండి, భారమంతా మీ ఒక్కరి మీదే పడదు.

కొన్నింటికి నాలుగు నెలల వయసుకే అలవాటవుతుంది, కొన్నింటికి ఏడాది పడుతుంది. ఓపిక పట్టండి. ఏదో ఒక తెల్లవారుజామున అదే పెరటి తలుపు గీకుతుంది. అప్పుడు ముందుగా లేచి గడియ తీసేది, ఎవరికి తెలుసు, మీ అత్తగారే కావచ్చు!