వేతన ఒప్పందం ఎవరికి వర్తిస్తుంది? గొడుగు కింద మిగిలింది ఎంతమంది?

2023 మే 20న బొగ్గు పరిశ్రమ 11వ వేతన ఒప్పందం మీద సంతకాలు అయ్యాయి. ఒకవైపు కోల్ ఇండియా, సింగరేణి యాజమాన్యాలు, మరోవైపు నాలుగు జాతీయ కార్మిక సంఘాలు. 19 శాతం పెంపు, అది కూడా 2021 జూలై 1 నుంచి లెక్కగట్టి. ఆ ఒక్క సంతకంతో దాదాపు 2.8 లక్షల మంది జీతాలు పెరిగాయి. అదే గనుల దగ్గర అదే షిఫ్టులో పనిచేసే కాంట్రాక్టు కార్మికుడికి మాత్రం అందులో చోటు లేదు. సింగరేణి కాంట్రాక్టు కార్మికులు 2022 సెప్టెంబరులో సమ్మెకు దిగింది ఈ తేడా మీదనే. కోల్ ఇండియాలో ఇస్తున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇవ్వాలని అడిగారు.

కార్మికులంతా ఒక్కటై యజమానితో జీతం మాట్లాడుకోవడాన్ని సామూహిక బేరసారాలు అంటారు. చాలామంది యూనియన్ సభ్యత్వాన్ని, ఒప్పందం వర్తించడాన్ని ఒకటే అనుకుంటారు. రెండూ వేరు. ఫ్రాన్స్‌లో యూనియన్ సభ్యులు పదో వంతు మందే, కానీ ఒప్పందాలు 90 శాతానికి పైగా ఉద్యోగులకు వర్తిస్తాయి. ఒక రంగంలో కుదిరిన ఒప్పందాన్ని ప్రభుత్వం ఆ రంగం మొత్తానికి విస్తరించడమే కారణం. మన దగ్గర 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ఇంకో దారి పట్టింది. లేబర్ శాఖ అధికారి రాజీ ప్రక్రియలో కుదిరిన ఒప్పందం ఆ సంస్థలో ఉన్నవాళ్లందరికీ, తర్వాత చేరేవాళ్లకూ వర్తిస్తుంది. యాజమాన్యం, సంఘం విడిగా కూర్చుని రాసుకున్నదైతే సంతకం పెట్టినవాళ్ల వరకే. సంస్థ గేటు దాటి బయటికి మాత్రం రెండూ పోవు.

అసలు సమస్య మొదటి నుంచీ గుర్తింపు దగ్గరే ఉంది. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఆ సంఘంతో మాట్లాడి తీరాలని యజమానికి చెప్పలేదు. బొంబాయి రాష్ట్రం 1946లో సొంత చట్టం తెచ్చింది కానీ, దాని కింద గుర్తింపు పొందిన సంఘానికే మాట్లాడే హక్కు. 1982 జనవరిలో దత్తా సామంత్ వెనక నడిచిన రెండు లక్షలకు పైగా బట్టల మిల్లు కార్మికులు అడిగిన వాటిలో ఆ గుర్తింపు తీసేయాలన్నది కూడా ఒకటి. ప్రభుత్వం వినలేదు. సమ్మె ఏడాది దాటింది, చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. సమ్మె చేస్తే పనే పోతుందన్న భయం దేశమంతా పాకింది అక్కడి నుంచే అనుకోవచ్చు.

ఒప్పందాలు గట్టిగా నిలిచింది ప్రభుత్వ రంగంలో. బ్యాంకుల్లో మొదటి ద్వైపాక్షిక ఒప్పందం 1966లో, 12వది 2024 మార్చిలో. కానీ ఆ రంగమే చిన్నదవుతూ వచ్చింది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల్లో 1990-91లో దాదాపు 22 లక్షల మంది రెగ్యులర్ ఉద్యోగులుంటే, ఈ మధ్య సంవత్సరాల్లో ఎనిమిది లక్షల చిల్లర మిగిలారు. సింగరేణిదీ అదే కథ. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. ఒప్పందం పోలేదు, అది వర్తించే మనుషులు తగ్గిపోయారు. ఫ్యాక్టరీల్లో కూడా అంతే: వార్షిక పరిశ్రమల సర్వే ప్రకారం 2000-01లో కార్మికుల్లో ఐదో వంతు కాంట్రాక్టు వాళ్లు, 2022-23కి 40 శాతం దాటారు.

ఇంకొంచెం లెక్క వేసి చూద్దాం. 2023-24 కార్మిక సర్వేలో పనిచేసే ప్రతి వంద మందిలో 58 మంది సొంత పని చేసుకునేవాళ్లు, 20 మంది రోజు కూలీలు. నెల జీతం వాళ్లు 22 మందే. వ్యవసాయేతర రంగంలో ఆ నెల జీతం వాళ్లలో కూడా 58 శాతం మందికి రాతపూర్వక కాంట్రాక్టు లేదు. అంటే కాగితం చేతిలో ఉన్నది వందకు తొమ్మిది మందికి. అందులోనూ ప్రభుత్వ ఉద్యోగులకు జీతం తేల్చేది పే కమిషన్, ఒప్పందం కాదు.

అయితే ఫ్యాక్టరీ లేకపోతే ఒప్పందమే ఉండదని అనుకోవడం తప్పు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్ల సంగతే చూడండి. వాళ్లలో ముస్లిం మహిళలూ చాలామందే. వెయ్యి బీడీలకు కూలీ ఎంతన్నది యజమానుల సంఘం, కార్మిక సంఘాలు కూర్చుని మాట్లాడుకుంటాయి. పెరిగేది రూపాయల్లోనే కావచ్చు, కానీ ఆ రేటు సంఘంలో లేని చెల్లెకూ వస్తుంది. పీఎఫ్ నంబరు లేనివాళ్లు మాత్రం కార్ఖానా లెక్కలోకే రారు.

దీనికి ఎదురు ఉదాహరణ ఆర్టీసీ. తెలంగాణలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మె 52 రోజులు సాగింది. దాని తర్వాత గుర్తింపు సంఘం ఎన్నికలు ఆగిపోయాయి, డిపోల్లో వెల్ఫేర్ కమిటీలు వచ్చాయి. కమిటీ కష్టసుఖాలు చెప్పుకోవచ్చు, జీతం ఒప్పందం మీద సంతకం పెట్టలేదు. సింగరేణిలో మాత్రం 1998 నుంచి రహస్య ఓటుతో ఎన్నికలు జరుగుతున్నాయి, 2023 డిసెంబరు 27న ఏఐటీయూసీ గెలిచింది.

సంఘం పెట్టుకునే హక్కు, బేరసారాల హక్కు గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 ఒడంబడికలను భారత్ ఇప్పటికీ ఆమోదించలేదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ మాత్రం గుర్తింపును తొలిసారి దేశమంతటికీ చట్టంగా రాసింది. ఒక సంస్థలో ఎక్కువ సంఘాలుంటే, 51 శాతం కార్మికుల మద్దతు ఉన్నది ఒక్కటే బేరసారాల సంఘం. ఎవరికీ అంత బలం లేకపోతే 20 శాతం దాటిన సంఘాలతో ఒక కౌన్సిల్. చిన్న చిన్న సంఘాలు ఒకదాన్ని ఒకటి కొట్టుకుంటుంటే యాజమాన్యం తనకు నచ్చినదాన్ని పిలిచి మాట్లాడే ఆట దీనితో తగ్గొచ్చు. అదే కోడ్ సమ్మెకు అన్ని సంస్థల్లోనూ 14 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది.

ఇంతకీ ఆ 51 శాతం దేనిలో? సంస్థ మస్టర్ రోల్‌లో ఉన్న కార్మికుల్లో. కాంట్రాక్టు కార్మికుడి పేరు ఉండేది కాంట్రాక్టరు మస్టర్‌లో.