వెనుక నుంచి మందు మింగిన తుపాకి

మా ఓరుగల్లు పల్లెల్లో పాతతరం వారి దగ్గర తుపాకి మాట ఎత్తితే ముందు వినవచ్చే పేరు బర్మారు. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వడిసెలతో పాటు రైతుల చేతికి వచ్చిన ఆయుధాల్లో అదొకటి. భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. పేరులోనే దాని తంతు అంతా వున్నది. గొట్టం మూతిలో మందు పోయాలి, గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి. నేలమీద పడుకుని చేసే పని కాదది. అందాకా అవతలివాడు వూరుకుంటాడా?

ఈ చిక్కుకు దాదాపు 250 ఏళ్ళ కిందటే ఒకడు విరుగుడు చూపించాడు. పేరు పాట్రిక్ ఫెర్గుసన్, 1744లో స్కాట్లండులో పుట్టిన సైనికుడు. ఊహ పూర్తిగా అతనిది కాదు. షోమెట్ అనే ఫ్రెంచివాడు అంతకు యాభై ఏళ్ళ ముందే బాట వేశాడు. ఫెర్గుసన్ దానికి మెరుగులు దిద్దాడు.

పనితనం చూడండి. మీటకు కాపుగా వుండే ఇనుప వంపును ఒక్క చుట్టు తిప్పితే, దానికి అమర్చిన మర కిందికి దిగి గొట్టం వెనుక, పైవైపున, ఒక రంధ్రం తెరుచుకుంటుంది. గుండు జారవిడిచి, వెనుకనే మందు పోసి, వంపును మళ్ళీ తిప్పితే మూత బిగుస్తుంది. ఇక చెకుముకి రాయి నిప్పు రాల్చడమే తరువాయి. కడ్డీ లేదు, దట్టింపు లేదు. పడుకునే నింపుకోవచ్చు!

1776 జూన్ 1న వూల్విచ్‌లో పెద్దల యెదుట పరీక్ష జరిగింది. హోరుగాలి, వాన. ఫెర్గుసన్ 200 గజాల గురిమీద నిమిషానికి నాలుగేసి గుండ్లు కాల్చాడు. ఒక నిమిషంలో ఆరు కాల్చాడు. నడుస్తూ కూడా కాల్చాడు. గొట్టంలో నీళ్ళు పోసినా అర నిమిషంలో మళ్ళీ పేల్చాడట. ఆ డిసెంబరులో పేటెంటు వచ్చింది.

తయారైనవి మాత్రం నూరు. 1777 సెప్టెంబరు 11న అమెరికాలో బ్రాండీవైన్ యుద్ధానికి వాటితో వెళ్ళిన ఫెర్గుసన్ కుడి మోచేయి గుండు తగిలి నుజ్జయింది. దళం చెదిరింది, తుపాకులు కొట్టు చేరాయి. పై అధికారుల అసూయే కారణమని కొందరంటారు. నాకది సబబుగా తోచదు. సాదా మస్కెట్టు కంటే చాలా ఎక్కువ ఖరీదు. నాలుగు బర్మింగుహాం కొట్లు కలిసి చేసినా నూరే. మరకోసం తొలిచినచోట కొయ్య చీలేది. వేలమంది సైన్యానికి అది అందే వస్తువు కాదు.

చేయి చచ్చినా ఫెర్గుసన్ ఎడమ చేత్తో రాత, కత్తి నేర్చుకున్నాడు. 1780 అక్టోబరు 7న కింగ్స్ మౌంటెన్ గుట్టమీద, వెండి ఈలతో దళాన్ని నడుపుతూ నేలకొరిగాడు. అతణ్ణి కూల్చినవి మూతి నుంచి నింపే తుపాకులే.

1857లో మన సిపాయిల చేతికిచ్చిన ఎన్‌ఫీల్డు కూడా మూతి నుంచి నింపేదే. మందు గొట్టంలో పోయడానికే ఆ కొవ్వు పూసిన తూటా కాగితాన్ని పళ్ళతో కొరకవలసి వచ్చింది. ఆ ఎన్‌ఫీల్డుకే వెనుక మూత పెట్టి స్నైడర్ అనే పేరుతో బ్రిటిష్ పదాతి సైన్యానికి ఇవ్వడం 1866 తర్వాతగాని మొదలు కాలేదు. ఫెర్గుసన్ పోయి అప్పటికి 86 ఏళ్ళు.