స్వీయ అధ్యయనానికి వ్యవస్థ అండ అవసరం
సార్వత్రిక విద్య నుంచి ఆన్‌లైన్ కోర్సుల వరకు

తరగతి గదికి రాలేని వారి చెంతకు చదువును చేర్చాలన్న సంకల్పం తెలుగు నేలపై నాలుగు దశాబ్దాల క్రితమే కార్యరూపం దాల్చింది. పగలు పనికి వెళ్లి రాత్రి పుస్తకం తెరిచే కార్మికునికి, పెళ్లితో చదువు ఆగిపోయిన గృహిణికి, కళాశాల లేని గ్రామంలోని యువతకు దూరవిద్య ఒక్కటే అందుబాటులో ఉన్న మార్గం. నేడు ఆ మార్గం ఆన్‌లైన్ కోర్సుల రూపంలో మరింత విస్తరించింది. అయితే ప్రవేశం సులభమైనంత మాత్రాన చదువు పూర్తి కాదు. స్వయంగా చదువుకొనే వారికి తగిన మార్గదర్శనం, సకాలంలో సహాయం లభించినప్పుడే ఈ విధానం ఫలితమిస్తుంది.

తెలుగునాట తొలి అడుగు

దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో శాసనసభ చట్టం ద్వారా ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పాటైంది. ప్రొఫెసర్ జి. రాంరెడ్డి దానికి తొలి ఉపకులపతి. 1985లో పార్లమెంటు చట్టం ద్వారా ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికి కూడా ఆయనే తొలి ఉపకులపతిగా బాధ్యతలు స్వీకరించారు. రాష్ట్ర విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. పాఠశాల విద్య లేని పెద్దలు సైతం అర్హత పరీక్షలో ఉత్తీర్ణులై డిగ్రీలో చేరే అవకాశాన్ని ఈ సంస్థ చాలాకాలం పాటు కల్పించింది.

పాఠశాల స్థాయిలో 1989లో ఏర్పడిన జాతీయ సార్వత్రిక పాఠశాల, 2002 నుంచి జాతీయ సార్వత్రిక విద్యాసంస్థగా వ్యవహరింపబడుతోంది. ఇందులో ప్రవేశం పొందిన వారికి కోర్సు పూర్తి చేయడానికి 5 సంవత్సరాల గడువు, ఆ గడువులో 9 పబ్లిక్ పరీక్షల అవకాశాలు ఉంటాయి. ఉత్తీర్ణత పొందిన సబ్జెక్టు మార్కులు నిలిచి ఉంటాయి కనుక అభ్యాసకులు తమ వీలును బట్టి ఒక్కొక్క సబ్జెక్టును పూర్తి చేసుకోవచ్చు.

పాఠ్యపుస్తకమే ఉపాధ్యాయుడు

దూరవిద్య పాఠాలు సాధారణ పాఠ్యపుస్తకాలకు భిన్నంగా రూపొందుతాయి. పాఠం చదివిన పిమ్మట అభ్యాసకుడు ఏమి తెలుసుకోగలడో మొదటనే లక్ష్యాల రూపంలో పేర్కొంటారు. విషయాన్ని చిన్న చిన్న భాగాలుగా విభజించి, ప్రతి భాగం చివర ప్రగతిని సరిచూసుకొనే ప్రశ్నలు ఇస్తారు. వాటికి జవాబులు, పాఠ సారాంశం, మాదిరి పరీక్షా ప్రశ్నలు కూడా అందులోనే ఉంటాయి. తరగతిలో ఉపాధ్యాయుడు అడిగే ప్రశ్నను ఇక్కడ పుస్తకమే అడుగుతుంది. దీనికి తోడు సెలవు దినాల్లో అధ్యయన కేంద్రాల్లో జరిగే కౌన్సెలింగ్ తరగతులు సందేహ నివృత్తికి తోడ్పడుతున్నాయి.

ఆన్‌లైన్ వేదికలు

ఏడు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ఎన్‌పీటెల్ కార్యక్రమాన్ని ప్రారంభించాయి. 2017 జూలై 9న ప్రారంభమైన 'స్వయం' వేదిక 9వ తరగతి నుంచి స్నాతకోత్తర స్థాయి వరకు కోర్సులను అందిస్తోంది. ప్రతి కోర్సులో వీడియో పాఠం, చదువుకొనే సామగ్రి, స్వీయ మూల్యాంకన పరీక్షలు, సందేహాల చర్చా వేదిక అనే నాలుగు అంగాలు ఉంటాయి. కోర్సులో చేరడానికి రుసుము లేదు. ధ్రువపత్రం కోరేవారు మాత్రం రుసుము చెల్లించి నిర్దేశిత కేంద్రంలో పరీక్ష రాయవలసి ఉంటుంది.

డిగ్రీ కోర్సుల్లో 'స్వయం' ద్వారా పొందగల క్రెడిట్ల పరిమితి 2016 నిబంధనల ప్రకారం 20 శాతం కాగా, యూజీసీ 2021లో దానిని 40 శాతానికి పెంచింది. అయితే ఈ క్రెడిట్లు వర్తించాలంటే విద్యార్థి చదువుతున్న సంస్థ ఆ కోర్సును ముందుగా ఆమోదించాలి. ఈ విషయాన్ని నమోదుకు ముందే నిర్ధారించుకోవడం అవసరం.

చదువు ఎక్కడ ఆగిపోతోంది?

ఎం.ఐ.టీ., హార్వర్డ్ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్ కోర్సులపై 2019లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైన పరిశీలన ప్రకారం, 2017-18లో నమోదైన వారిలో కోర్సు పూర్తి చేసినవారు సుమారు 3 శాతం మాత్రమే. ధ్రువపత్రం కోసం రుసుము చెల్లించిన వారిలో దాదాపు సగం మంది పూర్తి చేశారు. కుతూహలంతో చేరి ఒకటి రెండు పాఠాలు చూసి వెళ్లేవారు కూడా మొదటి లెక్కలో ఉన్నందున మానివేసిన వారందరినీ విఫలులుగా భావించరాదు. అయినప్పటికీ నమోదుల సంఖ్య ఒక్కటే ఏ కార్యక్రమ విజయానికీ కొలమానం కాజాలదని ఈ అంకెలు స్పష్టం చేస్తున్నాయి.

అభ్యాసకులు పాటించదగిన పద్ధతులు

చదివిన దానినే మళ్లీ మళ్లీ చదవడం ఎక్కువమందికి ఉన్న అలవాటు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులు పాఠాన్ని తిరిగి చదివారు, మరికొందరు పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తరువాత జరిపిన పరీక్షలో తిరిగి చదివిన వారు ముందున్నారు. వారం తరువాత మాత్రం గుర్తు తెచ్చుకొని రాసిన వారికే పాఠం ఎక్కువగా జ్ఞాపకం ఉంది. కనుక ప్రతి పాఠం చివరి ప్రశ్నలకు పుస్తకం చూడకుండా జవాబు రాయడం, తప్పులను సరిచూసుకోవడం, కొన్ని రోజుల తరువాత మళ్లీ ప్రయత్నించడం మేలు. వారానికి ఏ రోజున, ఏ వేళలో చదవాలో ముందుగా నిర్ణయించుకోవడం కూడా ముఖ్యం.

ఎన్‌పీటెల్ కోర్సుల్లో తుది మార్కుల్లో 25 శాతం వారం వారం సమర్పించే అసైన్‌మెంట్లకు, 75 శాతం పరీక్షకు కేటాయించారు. చదువును పరీక్షల ముందు రోజుల వరకు వాయిదా వేయకుండా ఈ ఏర్పాటు నివారిస్తుంది.

సంస్థలు, అధికారులు చేయదగినవి

ఇంట్లో ఒకే ఫోను ఉండి దానిని కుటుంబమంతా వాడుకొనే చోట ఆన్‌లైన్ పాఠం సకాలంలో అందదు. అటువంటి వారికి గ్రంథాలయాలు, కళాశాలల కంప్యూటర్ ప్రయోగశాలలను సాయంత్రం వేళల్లో, సెలవు దినాల్లో తెరిచి ఉంచడం ఎంతో ఉపయోగకరం. ముద్రిత పాఠ్యపుస్తకాలు విద్యా సంవత్సర ఆరంభంలోనే చేరాలి. అసైన్‌మెంటును దిద్ది తిరిగి ఇచ్చినప్పుడు మార్కుతో పాటు పొరపాటు ఎక్కడ జరిగిందో కూడా తెలపాలి. వరుసగా రెండు వారాలు కనిపించని అభ్యాసకుని పలకరించే బాధ్యతను ప్రతి కేంద్రంలో ఒకరికి అప్పగించడం సముచితం. ఇందుకు కావలసింది ఒక హాజరు పట్టిక, ఒక టెలిఫోన్ మాత్రమే.

పత్రికా ప్రతినిధులు సైతం ఎందరు చేరారన్న దానితో పాటు ఎందరు పరీక్ష రాశారు, ఎందరు పూర్తి చేశారు అన్న వివరాలను కోరినట్లయితే ప్రజలకు సరైన చిత్రం అందుతుంది. ఒకసారి బడి మానివేసిన వ్యక్తి ఎన్నో ఏళ్ల తరువాత ధైర్యం చేసి తిరిగి పుస్తకం పడతాడు. ఆ ప్రయత్నం కూడా మధ్యలో ఆగిపోతే మూడవసారి వచ్చేవారు అరుదు. అందువల్ల చేరిన ప్రతి అభ్యాసకుడూ చివరి పరీక్ష వరకు కొనసాగేలా చూడడం సార్వత్రిక విద్యకు ప్రథమ కర్తవ్యం కావాలి.