కాలు తన్నితే ఊగే బొమ్మ

నెలల పిల్లల కోసం అమ్మే బొమ్మల పెట్టెల మీద ఎక్కువగా కనిపించేది ఆ బొమ్మ ఏమేం చేస్తుందన్న సంగతే. పాడుతుంది, వెలుగుతుంది, గిరగిరా తిరుగుతుంది, ఏబీసీడీలు చెబుతుంది. బొమ్మే ఇన్ని పనులు చేస్తుంటే బిడ్డకు చేయడానికి ఏం మిగులుతుందన్నది మనం వేసుకోవలసిన ప్రశ్న. మొదటి ఏడాదిలో బిడ్డ నేర్చుకునే అతి పెద్ద పాఠం 'నేను కదిపితే లోకం కదులుతుంది' అన్నది. ఆ పాఠానికి సాయపడే వస్తువే పనికొచ్చే బొమ్మ. ధర, రంగులు, పెట్టె మీద రాసిన వయసు ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చు.

ఈ మాటకు గట్టి ఆధారం అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కరొలిన్ రోవీ-కోలియర్ 1960ల చివర్లో మొదలుపెట్టిన ప్రయోగాల్లో ఉంది. తొట్టి పైన వేలాడే బొమ్మల గుత్తికి రిబ్బను ఒక కొస కట్టి, రెండో కొస పడుకున్న బిడ్డ చీలమండకు ముడివేశారు. కాలు తన్నితే బొమ్మలు ఊగుతాయి, ఎంత గట్టిగా తన్నితే అంత గట్టిగా ఊగుతాయి. మూడు నెలల పసివాళ్లు కూడా నిమిషాల్లోనే కిటుకు పట్టేసి జోరుగా తన్నడం మొదలుపెట్టారు. తన్నుడుతో సంబంధం లేకుండా వేరెవరో బొమ్మల్ని ఊపినప్పుడు మాత్రం ఆ జోరు రాలేదు. చూసే దృశ్యం ఒకటే, తేడా అంతా ఊపింది ఎవరన్న దాంట్లోనే ఉంది. కొన్నాళ్ల తర్వాత రిబ్బను కట్టకుండా అదే గుత్తిని మళ్లీ వేలాడదీస్తే, మూడు నెలల పిల్లలు దాదాపు వారం దాకా, ఆరు నెలల వాళ్లు రెండు వారాల దాకా గుర్తుపెట్టుకుని తన్నారు. (ప్రయోగశాలలో పక్కన మనిషి ఉంటారు. ఇంట్లో ఈ ముచ్చట వద్దు, తాళ్లూ రిబ్బన్లూ మెడకు చుట్టుకుంటాయి.)

అయితే బిడ్డ చేయగలిగింది నెలనెలకూ మారిపోతుంది, కాబట్టి బొమ్మా మారాలి. పుట్టిన కొత్తలో చూపు కాస్త స్పష్టంగా ఆనేది 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలోనే. పాలు తాగేటప్పుడు తల్లి ముఖం ఉండేదీ అంత దూరంలోనే. నవ్వితే నవ్వే ఆ ముఖాన్ని మించిన బొమ్మ అప్పట్లో లేదు, కొననక్కర్లేదు కూడా. మూడో నెలలో చెయ్యి చాస్తుంది కానీ పట్టు చిక్కదు. 2002లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ నీడమ్ బృందం ఆ వయసు పిల్లలకు వెల్క్రో అంటించిన చేతితొడుగులు వేసి, బొమ్మలు వాటికి అతుక్కునేలా చేసింది. రోజూ కాసేపు చొప్పున రెండు వారాలు అలా ఆడిన పిల్లలు, తొడుగులు తీసేశాక కూడా వస్తువుల మీద మిగతా పిల్లలకన్నా ఎక్కువ ఆసక్తి చూపారు. నాలుగైదు నెలలకు సన్నటి పిడి ఉన్న గిలక్కాయ చాలు. కూర్చోవడం వచ్చాక వంటింటి స్టీలు గిన్నె, కొయ్య గరిటె చేతికిచ్చి చూడండి. మెల్లగా తడితే ఒక చప్పుడు, గట్టిగా బాదితే మరొకటి, గిన్నె బోర్లిస్తే ఇంకొకటి, నేలకేసి కొడితే వేరొకటి. ఎనిమిది నెలలు దాటాక గుడ్డ కింద దాచిన వస్తువును వెతికి తీస్తుంది. దోబూచులాట రసవత్తరంగా మారేది అప్పుడే.

మీట నొక్కితే పాడే బొమ్మ కూడా బిడ్డ చేతకు బదులిస్తున్నట్టే కదా అని అడగవచ్చు. ఇస్తుంది, కానీ మెల్లగా తాకినా, గుద్దినా అదే పాట. పైగా అది పాడుతుంటే పక్కనున్న పెద్దలు నోరు కట్టేసుకుంటారు. 2016లో అచ్చయిన, అన్నా సోసా అనే పరిశోధకురాలి అధ్యయనంలో 10 నుంచి 16 నెలల పిల్లలున్న 26 కుటుంబాల మాటలు ఇంట్లోనే రికార్డు చేశారు. పుస్తకాలతో ఉన్నప్పుడు పెద్దలు నిమిషానికి సుమారు 67 మాటలు, మామూలు బొమ్మలతో 56, ఎలక్ట్రానిక్ బొమ్మలతో 40 మాట్లాడారు. 26 కుటుంబాలు లెక్కకు తక్కువే, అన్నీ అమెరికావే. మన ఇళ్లలో అంకెలు వేరుగా ఉండొచ్చు. అయినా బొమ్మ వాగుతుంటే మనిషి మాట తగ్గడమన్నది అమెరికాకే పరిమితమయ్యే సంగతి కాదు. ఇక పొయ్యి మీద కూర మాడుతుంటే పది నిమిషాలు బిడ్డను కూర్చోబెట్టే పాటల బొమ్మ కావాలంటే, వాడుకోండి. అది వంట చేసేవారికి పనికొచ్చే వస్తువు. బిడ్డకు చదువు చెబుతుందని మాత్రం నమ్మి కొనకండి, ఏడాది నిండని బిడ్డకు ఏబీసీడీలతో పనేముంది?

గిన్నె, గరిటె చాలంటే ఇంట్లో ఉన్నదల్లా చేతికివ్వచ్చని కాదు. ఈ వయసులో ప్రతి వస్తువూ నోట్లోకే వెళుతుంది, తొమ్మిది పది నెలలకు బొటనవేలు, చూపుడు వేలితో చిన్న గింజను కూడా ఏరగలదు. మూడేళ్ల లోపు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి 3.17 సెంటీమీటర్ల వ్యాసమున్న చిన్న గొట్టం వాడతారు. అందులో పూర్తిగా ఇమిడిపోయేదేదైనా గొంతుకు అడ్డం పడొచ్చు. బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవచ్చు, అందుకే బ్యాటరీ మూత స్క్రూతో బిగించి లేని బొమ్మ ఇంట్లోకే రాకూడదు. 2021 జనవరి నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు పొందిన చేతివృత్తుల బొమ్మలకు మినహాయింపు ఉంది కాబట్టి, వాటి విషయంలో అడిగి తెలుసుకోవలసింది కొనేవారే. ఉదాహరణకు, ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణి పట్టి, తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ రంగు ఆకులు, గింజల నుంచి తీసినదైతే గిలక్కాయకు అంతకన్నా మంచి పూత దొరకదు, రసాయన రంగైతే పక్కన పెట్టేయాలి. కొండపల్లి బొమ్మ సంగతి వేరు. పొణికి కర్ర ముక్కలను చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగు వేస్తారు. అది కొలువులో పెట్టుకుని చూసే బొమ్మ, పళ్లు వస్తున్న బిడ్డ కొరకడానికి చేసింది కాదు.